పేరు మార్చాను, పప్పు మార్చలేదు

పరిశోధన కోసం ఫీల్డుకి వెళ్లబోయే పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి, మీ అనుభవంతో నాలుగు మాటలు చెప్పండి మేడం అని అడుగుతుంటారు. నా అనుభవం ఎలాంటిదో పాపం వాళ్లకి తెలియదు. ముప్పై ఏళ్లకి పైగా మచిలీపట్నంలో రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పాను. అందులో సగం కాలం, ఊళ్లు పార్టీలుగా ఎందుకు చీలిపోతున్నాయి, నిన్నటిదాకా మామూలుగా ఉన్న కుర్రాళ్లు పక్కింటివాణ్ని కొట్టే దాకా ఎలా వెళ్తున్నారు అని పరిశోధించే విద్యార్థులకి గైడుగా ఉన్నాను. వాళ్లకి దారి చూపించాల్సిన నాకు గుడివాడ బస్టాండులోంచి బయటికి వచ్చే దారి కూడా సరిగా తెలియదు. పిల్లలు ఎండలో తిరిగి రాసుకొచ్చిన కాగితాలు ఫ్యాను కింద కూర్చుని చదివి, ఎర్ర ఇంకుతో "ఇంకా లోతుకి వెళ్లాలి" అని రాసేదాన్ని. నేను మాత్రం క్యాంటీన్ దాకా వెళ్లేదాన్ని.

ప్రమోషన్ల గురించి, కమిటీల గురించి ఇక్కడ రాయను. అవి నాకే సరిగా గుర్తు లేవు. చేసిన తప్పులు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి అవే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. అన్నీ రాస్తే పుస్తకమవుతుంది కాబట్టి చిన్నవి రెండు, పెద్దది ఒకటి రాస్తున్నాను.

మర్యాదస్తుల ఊరు

మొదట్లో నాకు ప్రశ్నావళి అంటే మహా నమ్మకం. ఎక్కడో విదేశాల్లో తయారైన ఒక పద్ధతిని కష్టపడి తెలుగు చేశాను. అవతలి పార్టీ వాళ్ల మీద మీకున్న అభిమానాన్ని సున్నా నుంచి వంద దాకా ఒక అంకెలో చెప్పండి అనేది అందులో ముఖ్యమైన ప్రశ్న. అయిదుగురు విద్యార్థులకి ఆ కాగితాలిచ్చి నందివాడ వైపు ఒక ఊరికి పంపాను.

అందరూ యాభై అన్నారు. ఇంకొంచెం మంచివాళ్లు అరవై అన్నారు. ఒక పెద్దాయనైతే, మీకు ఎంత కావాలో అంత వేసుకోండమ్మా, మనకి అందరూ కావలసినవాళ్లేగా అన్నాడట. ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు, ఒకచోట జంతికలు కూడా పెట్టారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, గోదావరి వాళ్ల మర్యాదలకి మన కృష్ణా జిల్లా ఏం తీసిపోయిందని స్టాఫ్ రూంలో పోట్లాడాను కూడా. తరవాత కూర్చుని, డెల్టా గ్రామాల్లో రాజకీయ సామరస్యం మీద బారెడు శీర్షికతో ఒక వ్యాసం రాసి పంపాను.

అది అచ్చు కాకముందే ఆ ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టే దగ్గర గొడవైంది. కర్రలు లేచాయి. తల పగిలి కుట్లు వేయించుకున్నవాళ్లలో మాకు అరవై చెప్పినాయన ఒకరు. కొట్టినవాళ్లలో ఇంకో అరవై ఉన్నాడు.

అప్పట్లో మా హెడ్డుగారు ఉండేవారు. వ్యాసమన్నది రాసి ఎరగని మనిషి. పొద్దున వచ్చి న్యూస్ పేపర్ తెరిస్తే సాయంత్రం మూసేవారు. ఆయనంటే నాకు చులకన, ఆ సంగతి దాచుకునేదాన్ని కూడా కాదు. ఈ గొడవ సంగతి పేపర్లో చదివి, ఆ ఊరికి వెళ్లొచ్చిన అయిదుగురిలో ఒకమ్మాయిని పిలిచారు. ఏం అడిగారు, ఎందరిని అడిగారు అని కాకుండా, ఎవరింట్లో కాఫీ తాగారు అని అడిగారు. ప్రెసిడెంటుగారింట్లో అంది ఆ అమ్మాయి. తరవాత ఎవరింట్లో? వాళ్ల బావగారింట్లో. ఆ తరవాత? వాళ్ల పెదనాన్నగారింట్లో తాగి బస్సెక్కేశామండీ. హెడ్డుగారు పేజీ తిప్పి నా వైపు చూశారు.

"ఏమ్మా, మన వైపు ఇంటికొచ్చిన మనిషి ముందు పక్కవాణ్ని తిట్టేవాడెవరన్నా ఉన్నాడా? నువ్వు మర్యాదని కొలిచి ప్రేమని రాసుకొచ్చావు."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆ సంగతి గమనించినట్టు కూడా లేదు. మూడో రోజు నుంచి మా విద్యార్థుల డైరీల్లో కొత్తగా ఒక పేజీ పెట్టించాను. ఈ రోజు ఎవరింట కాఫీ తాగాం, ఎవరింట తాగలేదు, ఎందుకు. నా గైడుతనంలో పనికొచ్చిన పద్ధతి ఏదైనా ఉందంటే అదే. అది కూడా నాది కాదు.

ఇంటిపేరు

మన ప్రాంతంలో కొత్త మనిషి గుమ్మంలోకి వస్తే మంచినీళ్లిచ్చి ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు తెలిస్తే కులం తెలుస్తుంది, కులం తెలిస్తే పార్టీ తెలిసినట్టే అనుకుంటారు. ఆ లెక్క తేలాక గాని అడిగినదానికి జవాబు రాదు. దీన్ని జయించడానికి నేనొక గొప్ప ఉపాయం కనిపెట్టాను. విద్యార్థులెవ్వరూ ఇంటిపేరు చెప్పకూడదు, పేరు ఒక్కటే చెప్పాలి, అడిగితే నవ్వి ఊరుకోవాలి.

నవ్వి ఊరుకున్నారు. దాంతో ఒక ఊళ్లో వీళ్లని సర్వే చేయించే పార్టీ మనుషులనుకున్నారు. ఇంకో ఊళ్లో అనుమతి లేని రొయ్యల చెరువులు పట్టుకోవడానికి మారువేషంలో వచ్చిన అధికారులనుకుని వీధి వీధంతా తలుపులేసుకుంది. ఇంటిపేరు చెప్పని మనిషిని మన వైపు ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. మా పక్క పోర్షన్‌లోకి అద్దెకి వచ్చినవాళ్లని మొదటిరోజే అడిగాను.

ఆ పద్ధతిని చెడగొట్టింది సుధారాణి. పెడన పిల్ల. వాళ్ల నాన్న కలంకారీ అద్దకం పని చేసేవారు. ఫీల్డులో మొదటిరోజే, మాది పెడన అండీ, మా ఇంటిపేరు ఇదీ, మా నాన్న అద్దకం వేస్తారు అని మొత్తం చెప్పేసిందట. చెప్పగానే అవతలావిడ దుప్పట్ల రంగు ఉతికితే ఎందుకు పోతుందో అడగడం మొదలుపెట్టింది, ఆ తరవాత తన కడుపులో ఉన్నదంతా చెప్పుకుంది. పద్ధతి తప్పావని నేను గట్టిగా మందలించాను. సుధారాణికి నెమ్మదిగా మాట్లాడే అలవాటు.

"వాళ్ల గుట్టు అడగడానికి వెళ్లి నా ఇంటిపేరు నేను దాచుకుంటే ఎలా మేడం?"

జవాబు లేనప్పుడు గైడులందరూ చేసేదే నేనూ చేశాను. నీ రిపోర్టులో మార్జిన్లు సరిగా లేవు, మళ్లీ టైపు చేసి పట్రా అన్నాను.

తెల్ల మూత, ఎర్ర మూత

ఇక పెద్ద తప్పు. సుధారాణి పీహెచ్‌డీకి దివిసీమలో ఒక ఊరు ఎంచుకుంది. ఊరి పేరు చెప్పను. సముద్రం దగ్గర కాబట్టి బోరు వేస్తే ఉప్పునీళ్లే. కాలవ నీళ్లు తాగే రోజులు పోయాయి. ఊరంతా ప్లాంటు నీళ్లే తాగుతారు. అక్కడ రెండు పార్టీల నాయకులూ ఊరికి చెరో చివర చెరో మంచినీళ్ల ప్లాంటు పెట్టించారు. ఒకదాని టిన్నులకి తెల్ల మూత, ఇంకోదానికి ఎర్ర మూత. ఏ ఇంటి అరుగు మీద ఏ రంగు మూత ఉందో చూస్తే ఆ ఇల్లు ఎటువైపో తెలిసిపోతుంది. సుధారాణి నా ప్రశ్నావళిని సంచీలోనే ఉంచి, పొద్దున పూట ఒకసారి ఊరు చుట్టి మూతలు రాసుకొచ్చింది. నేను ఏళ్ల తరబడి అంకెల్లో వెతికింది ఆ పిల్లకి పాలవాడు వచ్చి వెళ్లేలోపు దొరికింది.

అక్కడ ఆమెకి ఒక కుర్రాడు పరిచయమయ్యాడు. శివ అందాం. పాతికేళ్లు నిండలేదు. తెల్లమూత నాయకుడి రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు, అంటే నీళ్లలో గాలి చిలికే మోటార్లు, బాగుచేసే పని. ఫోన్లో ఆ పార్టీ కుర్రాళ్ల గ్రూపు నడిపేది అతనే. సుధారాణిని అక్కా అని పిలుస్తూ, మోటార్లు విప్పుకుంటూ, ఆ గ్రూపు ఎలా పెరిగిందో చెప్పేవాడు. మొదట జోకులు పెట్టుకున్నారు. తరవాత అవతలివాళ్లకి పేర్లు పెట్టారు. ఆ తరవాత ఎవరి కొట్లో సరుకులు కొనకూడదో లిస్టు పెట్టారు. ఒకరోజు ఆ లిస్టు దాటి కొనుక్కున్న తమ గ్రూపు కుర్రాణ్నే ఒకణ్ని సెంటర్లో చెంపదెబ్బ కొట్టారు. కొట్టింది శివే. అది చెప్పిన రోజు అతను తలెత్తలేదని సుధారాణి డైరీలో రాసింది.

ఇంకోరోజు నవ్వుతూ ఒక సంగతి చెప్పాడు. తెల్లమూత ప్లాంటు నీళ్లకి కందిపప్పు ఉడకదు. ఎంతసేపు ఉంచినా పలుకు పలుకుగానే ఉంటుంది. వాళ్లమ్మ, కోటేశ్వరమ్మగారు అందాం, పప్పు లేనిదే ముద్ద ఎత్తరు. అందుకని ఎర్రమూత ప్లాంటులో పనిచేసే చిన్ననాటి క్లాస్‌మేటు ఒకడు వారానికో టిన్ను చెరువు గట్టు మీద పెట్టి వెళ్తాడు. శివ దాన్ని బండి మీద ఇంటికి తెచ్చుకుంటాడు. తెచ్చే ముందు ఎర్ర మూత తీసి తెల్ల మూత పెడతాడు. అవతలివాళ్ల కొట్లో ఉప్పు కూడా కొనకూడదని ఊరందరికీ ఫోన్లో చెప్పేవాడి ఇంట్లో పప్పు ఉడికేది అవతలివాళ్ల నీళ్లతో.

ఇది చదివినప్పుడు ఫ్యాను కింద నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. అటెండరు కంగారుపడి లోపలికొచ్చాడు.

గుడివాడలో చప్పట్లు

కొన్నాళ్లకి గుడివాడలో ఒక కాలేజీ వాళ్లు సెమినార్ పెట్టి నన్ను పిలిచారు. నా దగ్గర చెప్పడానికి కొత్తది ఏమీ లేదు. సుధారాణి దగ్గర ఉంది. అడిగితే ఆ పిల్ల వద్దంది. అది అతను నవ్వుతూ అన్న మాట మేడం, రాసుకోమని చెప్పింది కాదు అంది. పేరు మారుస్తాం కదా, ఎందుకు భయపడతావు, ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని నాకు తెలియదా అన్నాను.

మార్చాను కూడా. పేరు మార్చాను, వయసు అయిదేళ్లు పెంచాను, ఏరియేటర్లు తీసేసి ట్రాక్టర్లు పెట్టాను, ఊరిని దివిసీమ నుంచి లేపి పశ్చిమాన ఎక్కడో దించాను. పప్పు మాత్రం మార్చలేదు. పప్పు తీసేస్తే నా ఉపన్యాసంలో ఇంకేం మిగిలింది?

హాలంతా నవ్వింది. ప్రిన్సిపల్‌గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆ చప్పట్లకి నాకు పూనకం వచ్చి, మూత మార్చే ఘట్టం మళ్లీ ఒకసారి అభినయంతో సహా చెప్పాను. ఎవరో ఫోన్లో తీశారు. సాయంత్రానికి ఆ నిమిషం ముక్క దివిసీమ చేరింది.

ఆ ఊళ్లో పప్పు ఉడకని నీళ్లు ఏ ప్లాంటువో అందరికీ తెలుసు. ఆ నీళ్ల గురించి కొట్టు దగ్గర నిలబడి పైకి అన్న మనిషి కోటేశ్వరమ్మగారొక్కరే. ఇక ఆ కొడుకెవరో తెలుసుకోవడానికి పరిశోధకులెవరూ అక్కర్లేకపోయింది.

బోర్డు మీద బాణం గుర్తు

శివని గ్రూపు నుంచి తీసేశారు. ద్రోహి అన్నారు. నాయకుడు చెరువుల దగ్గరికి రావద్దన్నాడు. స్నేహితులు మాత్రం ఒక అవకాశం ఇచ్చారు. ఆదివారం సాయంత్రం అందరూ కలిసి వెళ్లి ఎర్రమూత ప్లాంటు పగలగొడతారు, మొదటి దెబ్బ శివ వేయాలి. వేస్తే మనవాడు, లేకపోతే కాదు.

తనవాళ్ల మధ్య అవమానపడ్డవాడు తనని తాను నిరూపించుకోవడానికి అందరికంటే ముందుకు వెళ్తాడని నేను ఏళ్ల తరబడి క్లాసులో చెప్పాను. అవమానం దగ్గర మొదలుపెట్టి హింస దాకా బోర్డు మీద బాణం గుర్తు వేసేదాన్ని. ఆ బాణం నా దగ్గర మొదలవుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆదివారం పొద్దున్నే సుధారాణి ఫోన్ చేసింది. ప్లాంటులో పనిచేసే శివ క్లాస్‌మేటు ఆమెకి సంగతంతా చెప్పాడట. పోలీసులకి చెబుదామా అన్నాను. చెప్తే ఏ పాపం చేయకముందే మొదట అతన్నే పట్టుకుంటారు మేడం, నేను వెళ్తున్నాను అంది. అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఆగమ్మా, పరిశోధకులు జోక్యం చేసుకోకూడదు, డేటా పాడవుతుంది అన్నాను.



"జోక్యం గుడివాడలోనే చేసేశాం మేడం," అని ఫోన్ పెట్టేసింది.

మొదటి బస్సుకే ఆమె వెళ్లిపోయింది. నేను కాఫీ తాగి, చీర ఇస్త్రీ చేసుకుని, పది గంటల బస్సు పట్టుకున్నాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఇస్త్రీ మానని మనిషిని నేను. బస్సు నిండా మోపిదేవి వెళ్లే భక్తులు. పక్క సీట్లో ఆవిడ ఏం మొక్కుకున్నారని అడిగింది. ఒక కుర్రాడు చెడిపోకుండా ఉండాలని అన్నాను. ఎన్నేళ్లు అంది. పాతికలోపు అన్నాను. పెళ్లి చేసేయండమ్మా, అదే సర్దుకుంటుందని ధైర్యం చెప్పింది. దారిపొడుగునా నాకు ఒకటే ఆలోచన. ఆ కుర్రాడు జైలుకి వెళ్తే, ఆ తల్లి మొహం నేను ఎలా చూడను?

నేను చూసింది

మోపిదేవిలో దిగి ఆటో మాట్లాడుకుని ఆ ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. సెంటర్లో టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు ఆరేడుగురు కూర్చుని ఉన్నారు. అదే సమయానికి ఎర్రమూత ప్లాంటు వైపు నుంచి ఒకావిడ టిన్ను చంకన పెట్టుకుని నడిచి వస్తోంది. కోటేశ్వరమ్మగారని నాకు చూడగానే తెలిసిపోయింది. మూత మార్చలేదు. ఎర్రమూత టిన్ను, పట్టపగలు, నడి సెంటర్లోంచి. టీ కొట్టు దగ్గర తలలన్నీ అటు తిరిగాయి. ఇంతలో ఎదురుగా శివ వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా తల్లి చంకన ఉన్న టిన్ను అందుకుని భుజాన పెట్టుకుని, ఆ కుర్రాళ్ల ముందునుంచే ఇంటికి నడిచాడు.

వాళ్ల వెనకే నేనూ వెళ్లాను. సుధారాణి అరుగు మీద కూర్చుని ఉంది. శివ టిన్ను లోపల పెట్టొచ్చి, విప్పి ఉన్న మోటారు ముందు కూర్చున్నాడు. నేను మొదట క్షమాపణ చెప్పాను. అక్కడితో ఆపేస్తే బాగుండేది. ద్వేషం గురించి, చట్టం గురించి, అతని భవిష్యత్తు గురించి పావుగంట ఉపన్యాసమిచ్చాను. అతను తల ఊపుతూ విన్నాడు. కోటేశ్వరమ్మగారు లోపలి నుంచి వచ్చి, మీరూ ఉండండమ్మా, పప్పు పొయ్యి మీద ఉంది అన్నారు. ఉండి భోంచేశాను. పప్పు వెన్నలా ఉడికింది.

ఆ సాయంత్రం శివ వెళ్లలేదు. మిగిలినవాళ్లు వెళ్లారు. పైపులు, ప్యానెల్ బోర్డు పగలగొట్టారు. కేసైంది. అందులో శివ పేరు లేదు. కానీ చెరువుల మీద పని పోయింది, స్నేహితులు పోయారు, కొన్నాళ్లు రెండు మూతల వాళ్లూ అతనితో మాట్లాడలేదు.

తను చెప్పింది ఒక్క ముక్క కూడా వాడొద్దని అతను సుధారాణికి చెప్పాడు. ఆమె నా గదిలోనే కూర్చుని రికార్డింగులన్నీ చెరిపేసింది, డైరీలో పేజీలు చింపేసింది. ఒక్క కాపీ ఉంచుకుంటే ఏమవుతుందమ్మా అని అడగబోయాను. ఆ పిల్ల తలెత్తి చూసింది. ఫ్యాను బాగా చప్పుడు చేస్తోంది కదూ అన్నాను. ఉన్నవాటిలో మంచి అధ్యాయం పోయింది, ఆమెకి ఏడాది కాలం పోయింది. చివరికి మనుషులెవరూ లేకుండా అరుగుల మీద మూతల గురించి మాత్రమే రాసి పట్టా తెచ్చుకుంది. నా తప్పుకి ఆ ఏడాది ఆమె కట్టింది. ఇది నేను సరదాకి అంటున్న మాట కాదు.

నేను మాత్రం ఆ మధ్యాహ్నాన్ని రిటైరయ్యేదాకా క్లాసులో వాడుకున్నాను. పేర్లు, నీళ్లు, పప్పు అన్నీ తీసేసి, ఈసారి నిజంగానే తీసేసి, ఒక తల్లి నడి సెంటర్లో నడిచిన సంగతి చెప్పేదాన్ని. దానికి మౌన ప్రతిఘటన అని పేరు పెట్టాను. సరైన సమయంలో ఒక పెద్ద మనిషి చెప్పిన మంచిమాట కూడా పనిచేస్తుందని చివర్లో కలిపేదాన్ని. ఆ పెద్ద మనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

అవనిగడ్డలో

ఇది రాయడం మొదలుపెట్టగానే సుధారాణికి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆమే ఒక కాలేజీలో పరిశోధక విద్యార్థులకి గైడు. నన్ను కాదు మేడం, అతన్ని అడగండి అంది. శివకి ఇప్పుడు అవనిగడ్డలో మోటార్ల వైండింగ్ షాపుంది. కాగితాలు పట్టుకుని వెళ్లాను. అతను ఒప్పుకోకపోతే అక్కడే చింపేద్దామని నిజంగానే అనుకున్నాను.

రాగి తీగ చుట్టుకుంటూ వింటానన్నాడు. మొదటి నుంచి ఇక్కడిదాకా చదివాను. ఇస్త్రీ దగ్గర నవ్వాడు. వాళ్లమ్మ టిన్నుతో వచ్చే ఘట్టం దగ్గరికి రాగానే తీగ చుట్టడం ఆపాడు.

"అది అలా కాదండీ. అమ్మ ఏ ప్రతిఘటనా చేయలేదు. పొద్దున అక్క వచ్చింది. తప్పు మాది, నా కాగితాల్లోంచే బయటికెళ్లింది అంది. అని అరుగు మీద కూర్చుంది. ఇంక ఏమీ అడగలేదు. మావాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. వస్తున్నానని మూడుసార్లూ చెప్పాను. అక్క వినే ఉంటుంది. ఎక్కడికని అడుగుతుందేమో అని చూశాను. అడిగి ఉంటే లేచి వెళ్లిపోయేవాణ్ని. భోజనాల వేళైంది. ఇంటికి మనిషి వచ్చింది, పప్పు వేయాలి, నీళ్లు లేవు. నేను కదలట్లేదు. అమ్మే వెళ్లింది. అందరికీ తెలిసిపోయాక ఇంక మూత మార్చడం దేనికండీ? నేను ఎదురెళ్లింది టిన్ను బరువని. మీరు వచ్చేసరికి నేను వెళ్లకూడదని అనుకోవడం అయిపోయింది."

నేను ఏళ్ల తరబడి చెప్పిన పాఠం ఆ షాపులో ముక్కలైపోయింది. పైన రాసింది దిద్దుతానన్నాను. దిద్దొద్దు, అలాగే ఉంచండి అన్నాడు. నీళ్ల సంగతి రాసుకోమన్నాడు. అది ఇప్పుడు వాళ్లమ్మే అందరికీ చెప్పుకుని నవ్వుతుందట. తన పేరు వద్దన్నాడు. మీరు బుద్ధి చెప్పారని మాత్రం రాయకండి అని, తీగ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

నాకు వెంటనే పెన్ను మీదికి చెయ్యి వెళ్లింది. వెళ్లకూడదని ఎప్పుడు అనుకున్నావు, మొదటి ఫోన్ తరవాతా, మూడో దాని తరవాతా అని అడిగాను.

అతను నవ్వి, మళ్లీ అడుగుతున్నారా మేడం అన్నాడు.

పెన్ను సంచీలో పెట్టేశాను. బస్సుకి ఇంకా చాలా టైముంది. బల్ల మీద అలాగే కూర్చున్నాను. ఒకతను మోటారు ఇచ్చి వెళ్లాడు, ఇంకొకతను తీసుకెళ్లాడు. ఎదురింటి వాళ్లెవరో టీ తెచ్చి ఇచ్చారు, తాగాం. నేను ఏమీ అడగలేదు. చుట్టడం పూర్తయ్యాక తీగ కొస కత్తిరించి, నేను అడిగినదానికి జవాబు అతనే చెప్పాడు. అది ఇక్కడ రాయను.